జీ విలువ 980 కాదు

మొన్న సంక్రాంతి సెలవులకు హనుమకొండ పోయినప్పుడు మా చిన్నమ్మ బిడ్డ ఒక రంగుల కరపత్రం తెచ్చి నా ముందు పెట్టింది. తను పరకాలలో బీఎస్సీ ఆఖరు సంవత్సరం. కాగితం మీద ఒక పరమాణువు బొమ్మ, పక్కన నీలం రంగు రోబో చెయ్యి, మధ్యలో పెద్ద అక్షరాలతో "ఎమ్మెస్సీ ఫిజిక్స్ విత్ డేటా సైన్స్". అడుగున లక్షల్లో ఒక ప్యాకేజీ అంకె.

"ఇది చెయ్యొచ్చా అన్నా? నాకు ఫిజిక్స్ అంటే ఇష్టం. కానీ ఉత్త ఫిజిక్స్ చేస్తే ఏమొస్తది అంటున్నడు బాపు. ఇందుల రెండూ ఉన్నయి గదా."

వెనక్కి తిప్పి సిలబస్ చూశాను. మొదటి ఏడాది క్లాసికల్ మెకానిక్స్, క్వాంటం మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, ఒక ఫిజిక్స్ ల్యాబ్, ఒక పైథాన్ ల్యాబ్. రెండో ఏడాది మెషీన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్, బిగ్ డేటా, క్లౌడ్. రెండో ఏడాదిలో ఫిజిక్స్ ల్యాబ్ లేదు. స్టాటిస్టిక్స్ అనే మాట రెండు పేజీల్లో ఒక్కసారి కూడా లేదు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అది ఒక్క కాలేజీ జబ్బు కాదు.

ఆ రోజు దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. "చూద్దాం లే చెల్లె" అని తప్పించుకున్నాను. ఈ వ్యాసం ఆ జవాబు. నా గొడవ ఫిజిక్స్‌తో కాదు. డేటా సైన్స్‌తో అసలే కాదు, పదకొండేళ్లుగా అదే నాకు అన్నం పెడుతోంది. నా గొడవ ఆ రెండింటి మధ్య కూర్చున్న "విత్"తో.

*

"విత్" అనే మాట మనకు హోటల్ మెనూలో బాగా తెలుసు. బిర్యానీ విత్ కూల్‌డ్రింక్. రెండు వేరువేరు వస్తువులు. ఒకటి కొనిపించడానికి రెండోదాన్ని పక్కన పెడతారు. వాటి మధ్య ఇంకే సంబంధమూ ఉండనక్కరలేదు. ఈ కరపత్రంలో ఫిజిక్స్ ఆ కూల్‌డ్రింక్. సీట్లు నిండని పాత సబ్జెక్టుకు కొత్త సబ్జెక్టు తగిలించి అమ్ముతున్నారు. పిల్లలకు పాతదీ పూర్తిగా రాదు, కొత్తదీ పూర్తిగా రాదు. రెండు సగాలు కలిస్తే ఒకటవుతుందని లెక్కల్లో నేర్చుకున్నాం గానీ చదువుల్లో అట్లా జరగదు.

అసలు మాట ఏమిటంటే, ఈ రెంటినీ కలపాల్సిన పనే లేదు. అవి పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయి. దీనికి యూరప్ దాకా పోనక్కరలేదు, హైదరాబాద్ చాలు.

1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో ఒక వేధశాల మొదలుపెట్టాడు. తర్వాత అది ప్రభుత్వం చేతికి వచ్చి, ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచెయ్యాలని 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ పథకం మొదలైంది. ప్రపంచంలోని సుమారు ఇరవై వేధశాలలు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాకాశంలో ఒక పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. 1914 తర్వాత ఏళ్ల తరబడి ఇక్కడి మనుషులు గాజు పలకల మీద చుక్కల స్థానాలను కొలిచి, చేత్తో లెక్కలు వేసి, పుస్తకాలుగా అచ్చు వేశారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు. కంప్యూటర్ అనేది అప్పటికి యంత్రం కాదు, మనిషి.

ఆ పుస్తకాలు బూజు పట్టి పోలేదు. 2000లో టైకో-2 అనే కేటలాగ్ వచ్చింది. సుమారు 25 లక్షల నక్షత్రాలు ఆకాశంలో ఎటు ఎంత కదులుతున్నాయో అందులో ఉంది. కదలిక తెలియాలంటే రెండు కాలాల కొలతలు కావాలి. కొత్త కొలత ఉపగ్రహం ఇచ్చింది. పాత కొలత ఆ గాజు పలకల పట్టికలు ఇచ్చాయి, హైదరాబాద్ పట్టీతో సహా. దాదాపు శతాబ్దం కిందటి డేటా ఎందుకు పనికొచ్చింది? అది ఎట్లా కొలిచారో రాసి పెట్టారు కాబట్టి. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో లెక్క కట్టగలిగారు కాబట్టి. ఇది ఫిజిక్సా, డేటా సైన్సా? ఆ ప్రశ్నే తప్పు.

*

ఇప్పుడు మన ల్యాబుల దగ్గరికి వద్దాం. నా ఇంటర్ ల్యాబ్ నుంచే మొదలుపెడతాను.

లఘులోలకం ప్రయోగం మీలో చాలామంది చేసే ఉంటారు. దారానికి ఒక గుండు కట్టి, ఊపి, ఇరవై డోలనాలకు ఎంత సమయం పట్టిందో స్టాప్‌వాచీతో కొలిచి, గురుత్వ త్వరణం జీ విలువ కనుక్కోవాలి. మా బ్యాచ్‌లో అందరికీ 980 వచ్చింది. సెంటీమీటర్లలో, సరిగ్గా 980. ఒకరిద్దరు గడుసువాళ్లు అనుమానం రాకుండా 979.8 రాసుకున్నారు. సీనియర్ల రికార్డు పక్కన పెట్టుకుని, జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి, రీడింగులు నింపడం మా అందరికీ వచ్చిన ఒకే ఒక ప్రయోగం. నేను నిజంగా కొలిచిన రోజు 966 వచ్చింది. చూసిన సారు "మళ్లీ చెయ్" అనలేదు, "సరిగ్గ రాయ్" అన్నాడు.

లెక్క వేసి చూడండి. మీటరు పొడుగు దారానికి ఇరవై డోలనాలు సుమారు 40 సెకన్లు. స్టాప్‌వాచీ నొక్కే వేలు అయిదో వంతు సెకను అటూ ఇటూ అవుతుంది. అంటే సమయంలో అర శాతం తేడా. జీ సూత్రంలో సమయానికి వర్గం ఉంటుంది కాబట్టి జవాబులో ఒక శాతం, అంటే పది యూనిట్లు అటూ ఇటూ. కాబట్టి నిజాయితీగా కొలిచిన క్లాసులో ఒకరికి 971, ఒకరికి 985, ఇంకొకరికి 968 రావాలి. అందరికీ 980 వచ్చిందంటే ఆ క్లాసులో ఎవరూ కొలవలేదని అర్థం. ఇది తెలుసుకోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, స్టాటిస్టిక్స్ మొదటి పాఠం చాలు.

ఇంకో సంగతి. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, నడుము దగ్గర కొంచెం ఉబ్బి ఉంటుంది. అందువల్ల జీ విలువ అన్ని ఊళ్లలో ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర 978, ధ్రువాల దగ్గర 983. సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న వరంగల్‌లో అది దాదాపు 978.4. మేం కాపీ కొట్టిన జవాబు మా ఊరి జవాబు కూడా కాదు! కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌లో దిగితే ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు జీ విలువలో సెంటీమీటరులో వెయ్యో వంతు స్థాయి తేడాలను పట్టుకుని భూమి లోపల ఏముందో అంచనా కడతారు. మన దగ్గర మాత్రం ఆ తేడా తప్పు. దాన్ని దాచాలి.

మన భాష కూడా ఇందులో చెయ్యి కలిపిందేమోనని నాకు అనుమానం. కొలతలో వచ్చే ఎర్రర్‌ను తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకాలు "దోషం" అన్నాయి. క్రమ దోషాలు, యాదృచ్ఛిక దోషాలు. దోషం అంటే మనకు జాతక దోషం, దిష్టి దోషం. ఉందంటే పరిహారం చెయ్యాలి. అది ఒక అంకె అనీ, జవాబుతో పాటు గౌరవంగా పక్కన రాయాల్సినదనీ, అది లేని జవాబు సగం జవాబేననీ ఆ మాట ఏ విద్యార్థికి చెబుతుంది?

ఇట్లాంటి ల్యాబు మీద ఇప్పుడు డీప్ లెర్నింగ్ కట్టబోతున్నాం. డేటా అంటే జవాబు తెలిశాక నింపేది అని అయిదారేళ్లు నేర్పిన పిల్లలకు, ఇంకో రెండేళ్లు డేటా సైన్స్ నేర్పుతాం అంటున్నాం. వాళ్ల దగ్గర అబద్ధానికి ఇప్పుడు జీపీయూ కూడా ఉంటుంది.

*

"నీకేంది, ఉద్యోగం ఉంది కాబట్టి నీతులు చెబుతావ్" అంటారు. న్యాయమైన మాటే. అందుకే ఉద్యోగం లోపలి సంగతి ఒకటి చెబుతాను.

కొన్నేళ్ల కింద మా టీంకు కోల్డ్ స్టోరేజీల ఉష్ణోగ్రతల డేటా వచ్చింది. మన ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉంటాయే, మిర్చి బస్తాలు దాచేవి, అట్లాంటివి. ఏ గదిలో కూలింగ్ పాడవబోతోందో ముందే చెప్పే మోడల్ కావాలి. డేటాలో అక్కడక్కడా 85 డిగ్రీలు అని రీడింగులు. ముందు నిమిషం 6 డిగ్రీలు, తర్వాత 85, మళ్లీ 6. మా టీంలో నాతో సహా అందరం ఇంజనీర్లం, సర్టిఫికెట్లున్నవాళ్లం. వాటిని అసాధారణ సంఘటనలు అని గుర్తుపెట్టి మోడల్‌కు తినిపించాం. మోడల్ బ్రహ్మాండంగా నేర్చుకుంది. వారం రోజులు సంబరపడ్డాం.

కొత్తగా చేరిన ఒకతను స్క్రీన్ చూసి అడిగాడు, "అన్ని టన్నుల మిర్చి ఉన్న గది నిమిషంల 85కు ఎట్ల పోతది? మళ్లీ నిమిషంల 6కు ఎట్ల వస్తది? అంత వేడి ఎక్కడికెళ్లి వచ్చింది, ఎటు పోయింది?" మాకు నోట మాట లేదు. అతను సెన్సర్ తయారీదారు ఇచ్చిన డేటాషీట్ తీశాడు. ఆ రకం డిజిటల్ సెన్సర్‌కు కరెంటు పోయి వచ్చినప్పుడు, కొత్తగా కొలిచే లోపు అది చూపించే తొలి విలువ 85 డిగ్రీలు. అంతే. మా మోడల్ వారం రోజులుగా కోల్డ్ స్టోరేజీ గురించి ఏమీ నేర్చుకోలేదు, కరెంటు కోతల గురించి నేర్చుకుంది.

అతను జిల్లా కాలేజీలో మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాడు. ఆ కరపత్రం భాషలో "ఉత్త ఫిజిక్స్". అతనికి అప్పటికి డీప్ లెర్నింగ్ రాదు, మూడు నెలల్లో నేర్చుకున్నాడు. మాకు రాని ఆ ప్రశ్న మూడు నెలల్లో వచ్చేది కాదు. ఇంటర్వ్యూల్లో రోజూ చూస్తుంటాను. మోడల్ డాట్ ఫిట్ అని కొట్టడం అందరికీ వచ్చు. ఇప్పుడైతే అది కూడా ఏఐ రాసిపెడుతుంది. "ఈ అంకె ఏ పరికరం నుంచి వచ్చింది, ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడిగితే వందలో అయిదుగురు ఆగి ఆలోచించినా సంతోషమే. కోడ్ రాయడం చవకైపోతున్న రోజుల్లో ఫిజిక్స్ ల్యాబ్ తీసేసి కోడింగ్ ల్యాబ్ పెట్టడమంటే, విత్తనాలు అమ్మి బస్తాలు కొనడమే.

*

ఇప్పటిదాకా చదివి ఫిజిక్స్ అధ్యాపకులు సంతోషిస్తూ ఉంటే, కాస్త ఆగాలి. తగాదా వాళ్లతో కూడా ఉంది.

"డేటా సైన్స్ అంటే ఏముందయ్యా, గీతలు కలపడం. అసలు ఫిజిక్స్ అంటే సిద్ధాంతం." ఈ మాట చాలామంది పెద్దల నోట విన్నాను. ఇది గర్వం కాదు, బద్ధకం. 2024 భౌతికశాస్త్ర నోబెల్ జాన్ హాప్‌ఫీల్డ్‌కు, జెఫ్రీ హింటన్‌కు ఇచ్చారు. హాప్‌ఫీల్డ్ 1982లో తయారుచేసిన నమూనా అయస్కాంత పదార్థాల్లో పరమాణువుల స్పిన్‌ల లెక్క నుంచి వచ్చింది. హింటన్, అతని సహచరులు తయారుచేసిన యంత్రానికి ఏకంగా బోల్ట్‌జ్‌మన్ పేరే పెట్టారు. మన ఎమ్మెస్సీలో స్టాటిస్టికల్ మెకానిక్స్ పేపర్ ఎప్పటి నుంచో ఉంది. ఆ పేపర్ చెప్పే మాస్టారు చివరి క్లాసులో "ఇదే లెక్క నుంచి న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి" అని ఒక్క గంట చెబితే, ఆ కరపత్రం అచ్చేసినవాళ్లకు వ్యాపారమే ఉండేది కాదు.

జెనీవా దగ్గర సెర్న్‌లో ప్రోటాన్ గుంపులు సెకనుకు నాలుగు కోట్ల సార్లు ఎదురెదురుగా వస్తాయి. అన్నీ దాచుకోవడం కుదరదు. దాదాపు అంతా అక్కడికక్కడే పారేసి, సెకనుకు ఏ వెయ్యో రెండు వేలో సంఘటనలు ఉంచుకుంటారు. ఏది పారేయాలన్న నిర్ణయమే సగం ఫిజిక్స్. 2012 జులై 4న హిగ్స్ కణం దొరికిందని చెప్పడానికి వాళ్లు పెట్టుకున్న గీత అయిదు సిగ్మా. అంటే కొత్త కణం ఏదీ లేకుండా కేవలం యాదృచ్ఛికంగా అంత సంకేతం కనబడే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. ఆ సిగ్మా అంటే ఏమిటో చెప్పకుండా ఎమ్మెస్సీ పట్టా చేతికిచ్చే డిపార్ట్‌మెంట్లు మనకున్నాయి. వాటికి డేటా సైన్స్‌ను వెక్కిరించే హక్కు లేదు.

ఈ విషయంలో మనకు వారసత్వం లేదని కూడా అనలేం. సి.ఆర్. రావు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరుగుతూ చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, కలకత్తా వెళ్లిన మనిషి. 1945లో, దాదాపు ఇరవై అయిదేళ్ల వయసులో, ఆయన అచ్చువేసిన పేపర్‌లో ఒక హద్దు ఉంది. మీ దగ్గరున్న డేటా నుంచి ఎంత తెలివిగా లెక్క కట్టినా, ఇంతకంటే కచ్చితంగా తెలుసుకోలేరు అని చెప్పే హద్దు. క్రామర్-రావు హద్దు. ఈ రోజు గురుత్వ తరంగాల నుంచి కృష్ణబిలాల ద్రవ్యరాశి ఎంత కచ్చితంగా చెప్పొచ్చో అంచనా వేసేవాళ్లు ఆ హద్దుతోనే మొదలుపెడతారు. 2023లో ఆయనకు నూట రెండేళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. ఆ ఆగస్టులోనే పోయారు. మన వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగు తేజం" అని ఫొటోలు తిరిగాయి. మా చెల్లె చేతిలోని సిలబస్‌లో మాత్రం ఆయన జీవితమంతా పనిచేసిన సబ్జెక్టు పేరు కూడా లేదు.

*

సరే, ఏం చెయ్యాలి?

రెంటినీ నిజంగా కలిపిన చోట్లు లేకపోలేదు. అమెరికాలో ఎంఐటీ "ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ అండ్ డేటా సైన్స్" పేరుతో పీహెచ్‌డీ ఇస్తుంది. పేరులో "విత్" లేదని గమనించండి. మధ్యలో స్టాటిస్టిక్స్ ఉందని కూడా గమనించండి. విద్యార్థి ముందు ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ మనిషి. దానికి తోడు సంభావ్యత, స్టాటిస్టిక్స్ కోర్సులు చదవాలి, అతని థీసిస్‌లో ఆ పద్ధతులు గట్టిగా వాడి చూపాలి. మన దగ్గర ఎంఐటీ లేదు, నిజమే. కానీ వరంగల్ ఖాళీ ఊరు కాదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ ఇప్పుడు ఎన్‌ఐటీ. 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. రెండు చోట్లా ఫిజిక్స్ ఉంది, లెక్కలున్నాయి, కంప్యూటర్లున్నాయి. రెంటి మధ్యా ఆటోలో పోయేంత దూరం.

లేనిది మనుషులు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయనీ, కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల భుజాల మీద క్లాసులు నడుస్తున్నాయనీ అందరికీ తెలుసు. కొత్త కోర్సు పేరు పెట్టడానికి ఒక ఫ్లెక్సీ ఖర్చవుతుంది. ఒక అధ్యాపకుణ్ని పెట్టడానికి ముప్పై ఏళ్ల జీతం ఖర్చవుతుంది. ఫ్లెక్సీలు ఎందుకు ఎక్కువగా కనిపిస్తున్నాయో ఇంకా వివరించాలా?

కాబట్టి, చెల్లె, నీకూ నీలాంటివాళ్లకూ నేను చెప్పగలిగింది ఇది. సీపీగెట్ రాయి. కుదిరితే జామ్ కూడా రాయి, ఎన్‌ఐటీల ఎమ్మెస్సీ సీట్లకు ఆ ర్యాంకే చూస్తారు. ఏ కాలేజీ "విత్ డేటా సైన్స్" అని పిలిచినా చేరే ముందు పోయి నాలుగు ప్రశ్నలడుగు. రెండో ఏడాదిలో ప్రయోగాలున్నాయా? స్టాటిస్టిక్స్ చెప్పేదెవరు, ఆ మనిషి పర్మినెంటా? ప్రాజెక్టుకు వాడే డేటా విద్యార్థి కొలిచిందా, నెట్‌లో దింపుకున్నదా? ల్యాబ్ రికార్డులో జీ విలువ 966 వస్తే మార్కులు వేస్తారా? మొదటి మూడింటికి "లేదు, తెలియదు, దింపుకున్నదే" అని చెప్పి, నాలుగోదానికి నవ్వితే, కరపత్రం అక్కడే పెట్టి వచ్చేయ్. మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరు. పైథాన్ నేను నేర్పుతా.

బాపుకు కూడా ఒక మాట. మామా, ఉత్త ఫిజిక్స్ చదివితే ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. ఎవరు గ్యారంటీ అన్నా నమ్మకండి, ముఖ్యంగా అచ్చేసిన కాగితం మీద అన్నవాళ్లను. కానీ సగం సగం చదువుకు ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలె.

ఇది రాస్తుండగా పోయిన ఆదివారం చెల్లె ఫోన్ చేసింది. ఇంట్లో దూలానికి దారం కట్టి, బావి మోటారుకు మిగిలిన ఒక పెద్ద నట్టు వేలాడదీసి, నేను చెప్పినట్టు ముప్పై సార్లు కొలిచిందట. ఒక్కో రీడింగు విడివిడిగా రాసుకుంది.

"974 వచ్చిందన్నా. ప్లస్ ఆర్ మైనస్ 6. తప్పొచ్చింది గదా?"

"తప్పు కాదు. 968కీ 980కీ మధ్యల యాడనో ఉందని చెప్పినవ్. మన దగ్గర 978.4. నీ హద్దులనే ఉంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "మరి వచ్చే నెల ప్రాక్టికల్సున్నయి. రికార్డుల ఏం రాయాలె?"

974 ప్లస్ ఆర్ మైనస్ 6 అనే రాయమన్నాను. మార్కులు పోతే ఏమన్నా అనుకో గానీ అదే రాయి అన్నాను. ఆ మార్కులు పోకుండా చూడాల్సిన బాధ్యత దానిది కాదు. దాని రికార్డు దిద్దేవాళ్లది, ఆ సిలబస్ రాసేవాళ్లది.